హెల్మెట్‌లో గాలి హోరు.. వాల్యూమ్ పెంచితే తగ్గేది కాదు

కొన్నాళ్ల క్రితం మా ఓపీకి బీపీ మాత్రల కోసం ఒకాయన వచ్చాడు. వయసు నలభై రెండు. బీపీ చూసి చీటీ రాస్తుంటే పక్కనే కూర్చున్న భార్య అందుకుంది. ‘‘డాక్టరు గారూ, ఈయనకు చెవులు సరిగా వినపడటం లేదండీ. వంటింట్లోంచి పిలిస్తే పలకరు. టీవీ సౌండు పక్కింటివాళ్లకు కూడా సరిపోతుంది’’ అంది. ఆయన నవ్వేశాడు. ‘‘నాకన్నీ వినపడతాయండీ, ఈవిడే మెల్లగా మాట్లాడుతుంది’’ అన్నాడు.

అరవై దాటిన జంట మధ్య ఈ గొడవ మామూలే. నలభై రెండేళ్లకే వచ్చిందంటే ఆరా తీయాలి. ఆయనది సేల్స్ ఉద్యోగం. రోజుకు నాలుగైదు గంటలు బైకు మీదే, అందులో సగం హైవే. హెల్మెట్ లేకుండా బండి తీయడు, అంతవరకు మెచ్చుకోవాల్సిందే. రెండేళ్లుగా ఆ హెల్మెట్‌లో బ్లూటూత్ ఇంటర్‌కమ్ ఉంది. ఆఫీసు కాల్స్, ఇంటి కాల్స్, పాటలు అన్నీ అందులోనే. ‘‘గాలికి వినపడదు కదండీ, ఫుల్ వాల్యూమ్‌లోనే పెడతా’’ అన్నాడు. ఈఎన్‌టీకి పంపి ఆడియోగ్రామ్ తీయిస్తే రెండు చెవుల్లోనూ 4000 హెర్ట్జ్ దగ్గర గీత కిందికి దిగింది. పెద్ద శబ్దాల వల్ల దెబ్బతిన్న చెవిలో సాధారణంగా మొదట కనిపించే గుర్తు అది. ఆయన కేసులో గాలి వాటా ఎంత, స్పీకరు వాటా ఎంత అని విడదీసి చెప్పలేను. రెండూ ఒకే చెవిలోకి వెళ్లాయన్నది మాత్రం నిజం.

ఈ పరికరం సంగతి నాకూ అనుభవమే. వెనక కూర్చున్న నా భార్యతో మాట్లాడుకోవచ్చని రెండు హెల్మెట్లకూ ఒక సెట్టు కొన్నాను. ఊరి వీధుల్లో బ్రహ్మాండంగా పనిచేసింది. హైవే ఎక్కగానే ఆవిడకు నా మాట బదులు ‘బుర్ర్’మనే మోత తప్ప ఏమీ వినపడలేదు. నేను అరిచాను, ఆవిడా అరిచింది, ఇద్దరం వాల్యూమ్ పెంచాం. నలభై నిమిషాల ప్రయాణానికి గొంతు బొంగురుపోయింది. రాత్రి పడుకున్నాక కూడా చెవిలో ‘గుయ్’మంటూనే ఉంది. మర్నాడు మా అబ్బాయి అట్టపెట్టె వెతికి, అడుగున అంటుకుపోయి ఉన్న రెండు చిన్న స్పాంజి తొడుగులు తీశాడు. మైకుకు వేయాల్సినవి అవే. ఎండీ చదివినవాడికి ఆ మాత్రం తెలియలేదా అని ఇంట్లో ఇప్పటికీ అంటుంటారు.

మైకుకు మాటకూ గాలికీ తేడా తెలియదు. లోపలున్న సన్నటి పొర కదిలితే దానికి అది శబ్దమే. బండి వేగంతో వచ్చే గాలి సుడులు తిరుగుతూ నేరుగా ఆ పొరను తోస్తే మాట అందులో మునిగిపోతుంది. స్పాంజి తొడుగు ఆ గాలి వేగాన్ని తన పైపొరలోనే విరిచేస్తుంది. మాట మాత్రం దాని సందుల్లోంచి లోపలికి వెళ్తుంది. అందుకే చిరిగిన తొడుగుతో, చెమటకు గట్టిపడిపోయిన తొడుగుతో లాభం లేదు. విడిగా దొరుకుతాయి, మార్చుకోవాలి. కొందరు స్పాంజి పోయిందని మైకు మీద టేపు అంటిస్తారు. దానివల్ల గాలితో పాటు మాట కూడా ఆగిపోతుంది.

తర్వాతది మైకు ఉండే చోటు. ముఖం తెరిచి ఉండే హెల్మెట్ అయితే కడ్డీ మైకు పెదవి మూలకు దాదాపు తగిలేంత దగ్గరగా ఉండాలి. బుగ్గ దగ్గర వదిలేస్తే మాట కంటే గాలే ఎక్కువ చేరుతుంది. కొన్ని మైకులకు నోటివైపు ఉండాల్సిన పక్కను బాణంతో గుర్తు పెడతారు, అది తిరగబడకుండా చూసుకోవాలి. ముఖమంతా మూసే హెల్మెట్ అయితే గడ్డం పట్టీ లోపలివైపు, నోటికి ఎదురుగా చిన్న మైకు అంటించుకోవడం మేలు. అద్దం దించి ఉంచాలి. చాలా హెల్మెట్లలో గాలి ఎక్కువగా దూరేది గడ్డం కింది ఖాళీలోంచి. అక్కడ గుడ్డతో చేసిన గడ్డం తెర తగిలిస్తే మైకుకూ చెవికీ రెండింటికీ హాయి. మాట వినగానే దానంతటదే మైకు తెరుచుకునే ఏర్పాటు మీ సెట్టులో ఉంటే, గాలి శబ్దానికే అది తెరుచుకుని హోరు మొదలవుతుంది. హైవే మీద దాన్ని ఆపి, బటన్ నొక్కితేనే పనిచేసేలా పెట్టుకోండి.

ఇంతవరకు ఇది మెకానిక్ కూడా చెప్పే విషయమే. డాక్టరుగా నా గొడవ వేరే ఉంది. డబ్బా మీద ‘నాయిస్ క్యాన్సలేషన్’ అని చూసి, తమ చెవికి రక్షణ దొరికిందనుకుంటున్నారు చాలామంది. ఇంటర్‌కమ్ సెట్లలో ఆ మాట ఎక్కువగా మైకు గురించే. అది మీ గాలి హోరును అవతలివాళ్లకు వినపడకుండా తగ్గిస్తుంది. మీ చెవిలో పడే హోరు ఎంత ఉందో అంతే ఉంటుంది. ఇంట్లో వాళ్లు ‘ఇప్పుడు బాగా వినపడుతోంది’ అన్నారంటే బాగుపడింది వాళ్ల చెవుల పరిస్థితి, మీది కాదు.

ఆ హోరు ఎంత? హెల్మెట్‌ను బట్టి మారుతుంది కానీ, గంటకు 60, 70 కి.మీ. వేగంలోనే హెల్మెట్ లోపల 90 డెసిబెల్స్ దాటడం మామూలు. 100 కి.మీ. దగ్గర 100 డెసిబెల్స్ చుట్టుపక్కలకు చేరుతుంది. పని ప్రదేశాల కోసం అమెరికా నిపుణుల సంస్థ నియోష్ పెట్టిన లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ శబ్దంలో రోజుకు 8 గంటలకు మించి ఉండకూడదు. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ సమయం సగానికి తగ్గుతుంది. అంటే 94 దగ్గర గంట. 100 దగ్గర పావుగంట! ఇందులో స్పీకరు ఊసే లేదు, ఒట్టి గాలి. దాన్ని మించి పాట వినపడాలంటే స్పీకరు ఇంకెంత అరవాలో ఊహించండి. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే కేశ కణాలు పోతే మళ్లీ మొలవవు. దానికి నా దగ్గర మాత్ర లేదు.

కాబట్టి తగ్గించాల్సింది గాలిని. తలకు బిగుతుగా పట్టే, బుగ్గల దగ్గర సందు లేని ఐఎస్ఐ హెల్మెట్, బిగించిన పట్టీ, దించిన అద్దం. రోజూ హైవే మీద తిరిగేవాళ్లకు వీటితో పాటు మందుల షాపులో దొరికే ఫోమ్ ఇయర్ ప్లగ్స్ కూడా చెబుతాను. కడిగిన చేతులతో సన్నగా నులిమి, చెవి డొప్పను పైకి లాగి పెట్టుకుని, ఉబ్బేదాకా వేలితో ఆపి ఉంచాలి. హారన్ వినపడదేమోనని అందరూ అడుగుతారు. ప్లగ్ గాలినీ హారన్‌నూ రెండింటినీ తగ్గిస్తుంది. ఆ వేగంలో హారన్‌ను మింగేస్తున్నది గాలే కాబట్టి నష్టపోయేది తక్కువ. ఊళ్లో నెమ్మదిగా వెళ్లేటప్పుడు అక్కర్లేదు. చెవిలో చీము, దురద, బూజు ఉన్నవాళ్లు, ఇప్పటికే వినికిడి తగ్గినవాళ్లు ముందు ఈఎన్‌టీకి చూపించుకోవాలి.

ఇక్కడొక మాట తప్పక చెప్పాలి. స్పీకర్లు పట్టడం లేదని హెల్మెట్ లోపలి థర్మోకోల్‌ను చెక్కించుకున్న కుర్రాడిని చూశాను. పడినప్పుడు దెబ్బను మింగేది ఆ థర్మోకోలే. ఫోనును హెల్మెట్‌కీ చెవికీ మధ్య ఇరికించే అలవాటు సంగతి చెప్పక్కర్లేదు, మన రోడ్ల మీద సిగ్నల్‌కొకరు కనిపిస్తారు.

అసలు బండి మీద మాట్లాడాలా అంటే, ‘ఎడమవైపు తిప్పు’, ‘ఆపు, నీళ్లు తాగాలి’ లాంటి ముక్కలకు ఇంటర్‌కమ్ మంచిదే. దారి చెప్పే గొంతు కూడా. ఫోన్ కాల్స్‌కు మాత్రం నేను ఒప్పుకోను. చేతులు హ్యాండిల్ మీదే ఉన్నా, మనసు ఆఫీసు టార్గెట్ దగ్గరో కూతురి ఫీజు దగ్గరో ఉంటుంది. గాలిలో సగం సగం వినపడే మాటను పట్టుకోవడానికి ఇంకొంచెం ధ్యాస అటే పోతుంది. ఇందులో కుటుంబాల వాటా కూడా ఉంది. ‘ఎక్కడిదాకా వచ్చావు’ అని పది నిమిషాలకోసారి చేసేది మనమే కదా!

ఆయన మొన్న మళ్లీ వచ్చాడు. మైకుకు కొత్త స్పాంజి, హెల్మెట్‌కు గడ్డం తెర వేయించాడు. ప్లగ్స్ అలవాటు కావడానికి వారం పట్టిందట. ఆడియోగ్రామ్ అలాగే ఉంది, ఇంకా దిగలేదు. కాల్ వస్తే ‘బండి మీద ఉన్నాను’ అని మెసేజ్ దానంతటదే వెళ్లేలా ఫోనులో పెట్టుకున్నాడు, టీ కొట్టు దగ్గర ఆగాక తిరిగి చేస్తున్నాడట. భార్యకు మాత్రం దాని మీద కోపంగానే ఉంది. ‘‘ఇదివరకు వినపడకపోయినా ఎత్తేవారండీ’’ అంది.