ముర్రెల్ ఏ ఊరి దొర?

మొన్న ఆదివారం దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చేపల దుకాణం ముందర యువకుడొకడు "ముర్రెల్ ఉందా?" అని అడుగుచుండగా, "కొర్రమీనా నాయనా?" అని కలుగజేసుకొన్నాను. "అది లోకల్ పేరండీ, అసలు పేరు ముర్రెల్" అని నాకే పాఠం చెప్పినాడు. ముప్పయ్యేళ్ళు తెలుగు చెప్పిన నోరు మూతపడింది. ఇంటికి వచ్చి నిఘంటువులు తిరగేసిన తరువాతగాని తెరుచుకోలేదు.

ఆ 'అసలు పేరు' లండనులో పుట్టినది కాదు. మరాఠీవారు ఈ చేపను 'మరళ్' అంటారు. ముర్రెల్‌కు అదే మూలమై ఉండవచ్చునని ఆంగ్ల నిఘంటువులే ఊహిస్తున్నవి. తమిళుల 'విరాల్', మలయాళుల 'వరాల్' కూడ చెవికి దూరం కావు. అనగా పొరుగింటి మాట దొర టోపీ పెట్టుకొని వస్తే మనం లేచి నిలబడుతున్నాము! ఆంగ్లేయుల సొంత పదం స్నేక్‌హెడ్, పాముతల. అది బోర్డు మీద వ్రాస్తే కొనేవారుండరు కాబోలు.

మన 'మీను' మాత్రం తక్కువదా? సంస్కృత 'మీన' శబ్దానికి ఈ ద్రావిడపదమే మూలమని భాషావేత్తలు పలువురి అభిప్రాయం. మీనరాశిని గౌరవించేవారికి కొర్రమీను మోటుగా తోచడమేమి?

దొరలందరూ మన పేర్లను తోసివేసినారనను. పాట్రిక్ రస్సెల్ విశాఖపట్టణంలో సేకరించిన 200 చేపల వర్ణనలను 1803లో లండనులో అచ్చువేయించినప్పుడు స్థానిక నామాలను పదిలంగా ఉంచినాడు. మన వాలుగయే 1851లో బ్లీకర్ చేతిలో 'వల్లాగో' అనే శాస్త్రీయ ప్రజాతినామమైనది. పరాయివాడికి పనికివచ్చిన పేరు మనకు లోకల్!

నేను అన్యదేశ్యాలకు శత్రువును కాను. బస్సును బస్సనే అంటాను. లేనిచోట తెచ్చుకొన్న మాట వేరు, ఉన్నదానిని వెళ్ళగొట్టిన మాట వేరు. 2016లో తెలంగాణ రాష్ట్రచేపగా ప్రకటించినది దీనినే. మృగశిర కార్తెనాడు చేపమందుతో జనం మ్రింగేది దీని పిల్లనే.

ఎల్బీనగర్ దారిలో, మెట్రో స్తంభాల నీడన, టబ్బులో బతికిన చేపలు పెట్టుకొని అమ్మే ఒక తల్లి ఉన్నది. "సారూ, ముర్రెల్ లేదా అని అడిగి పోతున్నరు. నా కాడున్నది గదే గద" అని, అట్టముక్క ఇచ్చి పేరు వ్రాయమన్నది. పెద్ద అక్షరాలలో కొర్రమీను అనీ, దిగువన చిన్నగా ముర్రెల్ అనీ వ్రాసినాను. చదువు రాకపోయినా నా కొలతలు కనిపెట్టింది. "కిందిదే పెద్దగ రాయి సారూ, బేరాలు కావాలె."

అట్ట త్రిప్పి రెండూ సమానంగా వ్రాసినాను. కొర్రమీను పైన.