రాత్రి ఊరు మగవాళ్ళదేనా?

యాత్రకు వెళ్ళామంటే మన ఇళ్ళల్లో ఒక పద్ధతి ఉంది. పులిహోర, పచ్చడి సీసా, జంతికల డబ్బా సర్దుకుంటాం. పగలంతా గుళ్ళూ గోపురాలూ చూస్తాం. చీకటి పడగానే పెద్దవాళ్ళు "ఇక గదికి పదండి" అంటారు. మగవాళ్ళేమో "అలా వెళ్ళి టీ తాగొస్తాం" అని మెట్లు దిగిపోతారు. ఆడవాళ్ళం మాత్రం తడి తువ్వాళ్ళు ఆరేసుకుంటూ, రేపటి బట్టలు తీసిపెట్టుకుంటూ గదిలోనే ఉండిపోతాం.

నైట్ లైఫ్ అనగానే మనకు పబ్బులూ తాగుడే గుర్తొస్తాయి. అది సంసారులకు కాదనుకుంటాం. కానీ మన దేశంలో చాలా ఊళ్ళకి రాత్రి అంటే తిండి!

ఇండోర్ సరాఫా బజారునే చూడండి. పగలు నగల కొట్లు. అవి మూసేశాక ఆ అరుగుల ముందే తినుబండారాల అంగళ్ళు వెలుస్తాయి. లేత మొక్కజొన్న తురిమి పాలు పోసి వండే భుట్టే కా కీస్, చలికాలమైతే మన పెండలం లాంటి గరాడు దుంప వేపుడు, పళ్ళెమంత జిలేబీ. అర్ధరాత్రి దాకా ఇంటిల్లిపాదీ తిరుగుతూనే ఉంటారు. అహ్మదాబాద్ మాణెక్ చౌక్‌లోనూ అంతే, పొద్దున కూరగాయలు, పగలు బంగారం, రాత్రి తిండి. అమృత్‌సర్ స్వర్ణదేవాలయంలో లంగర్ రాత్రీ పగలూ నడుస్తుంది. మన హైదరాబాదులో రంజాన్ నెల వస్తే చార్మినార్ చుట్టూ ఒక పక్క హలీమ్ బట్టీలు, ఇంకో పక్క గాజుల బేరాలు. హలీమ్ తినని వాళ్ళకి ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు ఉండనే ఉన్నాయి.

"రోజులు బాగాలేవు" అంటారు. నిజమే. భయం లేదని నేననను. కానీ వెలుతురు, జనం, నలుగురు ఆడవాళ్ళు ఉన్న వీధి ధైర్యాన్నిస్తుంది. ఆడవాళ్ళంతా గడియ వేసుకుని కూర్చుంటే ఆ వీధి మరింత మగవాళ్ళదైపోతుంది. తిరిగొచ్చే దారి ముందే కనుక్కోండి, కళ్ళముందు వేడిగా చేసిందే తినండి. అంతకుమించి పెద్ద విద్యేం కాదు.

ఏడాదంతా వండి వడ్డించే మనిషికి, ఇంకొకరు వేడివేడిగా చేతికందిస్తే నిలబడి తినడం ఎంత హాయో ఆమెకే తెలుసు. అంట్లు తోమే పనుండదు, రేపటికేం వండాలన్న ఆలోచనా ఉండదు.

అందుకే ఈసారి టిక్కెట్లు బుక్ చేసేటప్పుడే చెప్పేయండి. ఒక రాత్రి నిద్రపోయే పిల్లలకీ, మోకాళ్ళ నొప్పుల అత్తగారికీ కాపలా వంతు ఆయనది. ఊరు చూసే వంతు మనది.