సింహం ఎవరిది? డప్పు ఎవరిది?



జమైకా దీవి మనకు చాన దూరం. అక్కడి నల్లోళ్ల గోస మాత్రం దూరంది కాదు. ఆఫ్రికా నుంచి గొలుసులేసి పట్టుకపోయిన మనుషుల సంతానం వాళ్లు. చెరకు తోటల్ల చాకిరి చేసిన్రు. 1838లో బానిసత్వం పోయిందన్నరు గానీ భూమి దక్కలేదు, మర్యాద దక్కలేదు.

1930 నవంబరు 2న ఇథియోపియాలో రాస్ తఫారీ అనే నల్ల రాజు హైలే సెలాసీ పేరుతో గద్దెనెక్కిండు. ఆయన బిరుదు 'యూదా గోత్రపు సింహం'. మన వాడల్ల చర్చికి పోయేటోళ్లకు ఆ మాట ఎరుకే, ప్రకటన గ్రంథంలో ఉన్నదే. తెల్లదొరలు చేతికిచ్చిన బైబిల్లోనే జమైకా పేదలు తమ సింహాన్ని ఎతుక్కున్నరు. జడలు గట్టిన జుట్టును సింహం జూలు అన్నరు. బానిసకాలం డోళ్లను మళ్లీ చేతబట్టిన్రు. ఆ దెబ్బ రెగ్గే పాటలకెక్కింది. బాబ్ మార్లే (1945-1981) గొంతుల దునియా అంత తిరిగింది.

పాలకులు ఊకున్నరా? 1963లో కోరల్ గార్డెన్స్ దగ్గరి గొడవను సాకు చేసుకొని రాస్తాలను పట్టి కొట్టిన్రు, జడలు కత్తిరించిన్రు. సర్కారు క్షమాపణ చెప్పింది 2017లో!

ఇగ మన సంగతి. చావుకు, జాతరకు, చాటింపుకు డప్పు మనదే కావాలె, మనిషి మాత్రం దూరం నిలబడాలె. అందుకే చదువుకున్న పిల్లలు 'డప్పు ముట్టం' అంటున్నరు. ఆ మాటల ఆత్మగౌరవం ఉన్నది, తప్పుపట్టలేం. కానీ 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో పుట్టిన మాదిగ దండోరా ఇంకో తొవ్వ చూపింది. పెత్తందారు కొట్టించిన దండోరానే పోరాటం పేరు చేసుకున్నది. తోలు అదే, చిర్ర అదే, చిటికెన పుల్ల అదే. ఎవరి కోసం కొడుతున్నమన్నదే మారింది.

ఒక్క మాట మరువొద్దు. హైలే సెలాసీ చక్రవర్తి. ఆయన రాజ్యంల భూమి దొరల చేతుల్లనే ఉండె. 1974లో సైన్యం గద్దె దించింది. గద్దె మీది సింహం పోయింది, పాటల సింహం బతికింది. ఎందుకంటే అది పేదోళ్ల గుండెలది. రాజకీయాల్ల భక్తి నియంతృత్వానికి తొవ్వ తీస్తదని బాబాసాహెబ్ 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో హెచ్చరించిండు. మన నాయకులకూ ఆ మాట వర్తిస్తది. బలం మనిషి బొమ్మల లేదు, మనల ఉన్నది.

కాబట్టి వెట్టికి డప్పు కొట్టొద్దు. కూలి మాట్లాడుకోకుండ కొట్టొద్దు. మన సభకు, మన ఊరేగింపుకు ఆగకుండ కొట్టాలె. ఆడపిల్లలకూ నేర్పాలె. కొన్ని దిక్కుల డప్పును పలక అని కూడ అంటరు. రాసే పలక, మోగే పలక, రెండూ మన పిల్లల చేతుల్ల ఉండాలె.

జై భీమ్!