పిల్లలను ఎత్తుకెళ్లినవారికి క్షమాభిక్షా?

ఉక్రెయిన్ యుద్ధంలో చిక్కుకున్న పసివాళ్లను కాపాడి తీసుకొచ్చామన్నది మాస్కో వాదన. ఆ మాట నిజమో కాదో తేల్చడానికి కొత్త విచారణ సంఘాలు అక్కర్లేదు. జెనీవా ఒప్పందాలకు 1977లో చేర్చిన మొదటి ప్రోటోకాల్‌లోని 78వ అధికరణం చాలు. పిల్లలను పరాయి దేశానికి తరలించక తప్పకపోతే అది తాత్కాలికమే కావాలి. కన్నవారో సంరక్షకులో అందుబాటులో ఉంటే వారి రాతపూర్వక సమ్మతి ఉండాలి. ఒక్కో బిడ్డ పేరిట ఫొటో అతికించిన కార్డు తయారుచేయాలి. పుట్టిన తేదీ, అమ్మానాన్నల పేర్లు, మాతృభాష, రక్తం గ్రూపు, ఒంటి మీది గుర్తులు, ఇప్పుడుంటున్న చిరునామా అన్నీ నింపి రెడ్‌క్రాస్ అన్వేషణ విభాగానికి పంపాలి. తిరిగి ఇంటికి చేర్చాలన్న ఉద్దేశం ఉన్నవాడు చేసే పని అది. తీసుకెళ్లిన పిల్లల పూర్తి జాబితాను రష్యా ఇంతవరకు ఉక్రెయిన్‌కు ఇవ్వలేదు.

ఇవ్వకపోగా, 2022 మే 30న పుతిన్ ఒక ఉత్తర్వు మీద సంతకం చేశారు. ఉక్రెయిన్ అనాథలకు, సంరక్షణ కరవైన పిల్లలకు రష్యా పౌరసత్వం చకచకా కట్టబెట్టే ఉత్తర్వు అది. ఆక్రమిత ప్రాంతంలోని పిల్లల పౌర హోదాను మార్చకూడదని నాలుగో జెనీవా ఒప్పందం శాసిస్తుంటే జరిగిన నిర్వాకమిది. ఉక్రెయిన్ లెక్క ప్రకారం రష్యా ఎత్తుకుపోగా పేరూ ఊరూ సహా గుర్తించిన పిల్లలు 19,500కు పైనే. తిరిగొచ్చినవారు అందులో సుమారు పదోవంతు మాత్రమే.

ఖేర్సన్ శిశుగృహాన్నే చూడండి. 2022లో అక్కడి నుంచి 48 మంది పిల్లలను తరలించారు. అందులో ఒక పాపను రష్యా పార్లమెంటు సభ్యుడు సెర్గేయ్ మిరోనోవ్ కుటుంబం దత్తత తీసుకుందని, పేరుతోపాటు పుట్టిన ఊరూ రికార్డుల్లో మారిపోయాయని 2023లో బీబీసీ బయటపెట్టింది. ఆయన అది కట్టుకథ అన్నారు. రష్యా బాలల హక్కుల కమిషనర్ మరియా ల్వోవా-బెలోవా మాత్రం దాచనేలేదు. మరియుపోల్ కుర్రాణ్ని తాను పెంచుకుంటున్నానని 2023 ఫిబ్రవరిలో పుతిన్‌కే కెమెరాల ముందు చెప్పుకొన్నారు. బాలల హక్కుల కమిషనరట!

రెండు వారాల సెలవు శిబిరమంటే నమ్మి క్రిమియాకు పంపిన తల్లిదండ్రుల గోడు మరొకటి. గడువు దాటినా బిడ్డలు రాలేదు. యుద్ధరేఖ దాటే వీల్లేక తల్లులు, అమ్మమ్మలు పోలండ్, బెలారస్, రష్యా చుట్టి వేల కిలోమీటర్లు వెళ్లి తెచ్చుకోవాల్సి వచ్చింది. వెళ్లి తెచ్చుకునే దిక్కులేని పిల్లల సంగతేమిటి?

అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు 2023 మార్చి 17న పుతిన్‌పైనా ల్వోవా-బెలోవాపైనా వారెంట్లు ఇచ్చింది. పిల్లల తరలింపు, దత్తతల విషయంలో రష్యాను తప్పుపడుతూ 2025 జులైలో ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానం తీర్పు చెప్పింది. వారెంటు ఉన్నా క్రిమినల్ కోర్టు సభ్యదేశమైన మంగోలియా 2024లో పుతిన్‌కు గౌరవ వందనం సమర్పించి సాగనంపింది. భారత్ సభ్యదేశం కాదు కనుక అరెస్టు బాధ్యత మనకు లేదు. 2025 డిసెంబరులో ప్రధాని స్వయంగా విమానాశ్రయానికి వెళ్లి స్వాగతించేంత చనువున్న దేశాధినేతను పిల్లల జాబితా ఎక్కడని అడగడానికి మాత్రం ఏ సభ్యత్వమూ అవసరం లేదు. చమురు ధర మాట్లాడగలిగిన ఢిల్లీ ఈ మాటా మాట్లాడగలదు, మాట్లాడాలి.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది శాంతి పేరిట సాగే బేరం. 2025 నవంబరులో బయటికొచ్చిన అమెరికా 28 సూత్రాల ప్రణాళికలో యుద్ధకాలపు చేష్టలన్నిటికీ అందరికీ పూర్తి క్షమాభిక్ష ఒక షరతుగా ఉండేది. పిల్లలను ఇళ్లకు చేర్చే ఏర్పాటూ అదే కాగితంలో ఉండేది. ఒకదానికి మరొకటి ఇచ్చిపుచ్చుకోవడమైతే దాన్ని శాంతి అనరు, విమోచన ధనం అంటారు. పిల్లల వాపసు రష్యా తీర్చాల్సిన బాకీ. దానికి ప్రతిఫలం అడిగే హక్కు ఆ దేశానికి లేదు. 2025 జూన్‌లో ఇస్తాంబుల్ చర్చల్లో ఉక్రెయిన్ ఇచ్చిన 339 పేర్ల జాబితాను రష్యా ప్రతినిధి నాటకమని కొట్టిపారేశారు. ముందు ఆ పేర్లకు జవాబు రావాలి. విచారణ దాని దారిన అది సాగాలి. క్రిమినల్ కోర్టుకు ఆధారమైన రోమ్ శాసనం కింది నేరాలకు కాలదోషం పట్టదు. వారెంట్లు ఎత్తివేసే అధికారం హేగ్‌లోని ఆ కోర్టు న్యాయమూర్తులదే తప్ప బేరానికి కూర్చున్న దూతలది కాదు.