గనిలో పట్టిన జబ్బుకు ఖర్చు ఎవరిది?

ఆదివారం ఆరాధన ముగిశాక ఒక తమ్ముడు బీమా ఫారం పట్టుకొని నా దగ్గరకు వచ్చాడు. "అయ్యగారూ, నాన్నకు దగ్గు, ఆయాసం ఉన్నాయని ఇందులో రాయాలా? రాస్తే పాలసీ ఇవ్వరేమో" అన్నాడు. వాళ్ల నాన్న కేజీఎఫ్ గనిలో పనిచేసినవారు. మారికుప్పంలో రైలెక్కి రోజూ బెంగళూరుకు పనికి వెళ్లే మన పిల్లలు ఎంతోమందికి ఉన్న ప్రశ్నే ఇది.

ప్రియ యువతీ యువకులారా, దీనికి జవాబు ఒక్కటే. ఉన్నది ఉన్నట్టు రాయాలి. దాచిపెడితే ప్రీమియం కట్టించుకుంటారు, జబ్బు బయటపడ్డాక క్లెయిమ్ తిరస్కరిస్తారు. 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం, ముందే ఉన్న జబ్బుకు వెయిటింగ్ పీరియడ్ మూడేళ్లు మించకూడదు. 65 ఏళ్లు దాటినవారికి కొత్త పాలసీ ఇవ్వకూడదన్న అడ్డూ తొలగింది. అయినా ప్రీమియం ఎంత, పాలసీ ఇవ్వాలా వద్దా అన్నది కంపెనీ చేతిలోనే ఉంది.

అయితే ఆ తండ్రికి ఆ దగ్గు ఎక్కడ పట్టింది? ఛాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు పైగా లోతు. అక్కడ రాయి తొలిచినప్పుడు లేచే సిలికా ధూళి ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ తెస్తుంది. మన దేశంలో ఈ జబ్బును 1947లో మొదట కోలారు బంగారు గనుల్లోనే గుర్తించారని వైద్య పాఠ్యగ్రంథాలు చెబుతాయి. ఆ ధూళి ఊపిరితిత్తుల క్యాన్సర్‌కూ కారణమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1997లో తేల్చింది. గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. ధూళి తెచ్చే జబ్బు మాత్రం ఇరవై, ముప్పై ఏళ్ల తర్వాత కూడా బయటపడుతుంది.

ఈ క్యాన్సర్‌ను తొలిదశలో పట్టుకుంటే ఆపరేషన్‌తో నయమయ్యే అవకాశం ఉంది. మనవాళ్లు దాన్ని టీబీ దగ్గనుకొని నెలలు గడిపేస్తారు. ముదిరాక కీమో, రేడియేషన్, జన్యు పరీక్షను బట్టి రోజూ వేసుకునే మాత్రలు, మూడు వారాలకోసారి ఇమ్యునోథెరపీ ఇంజెక్షన్ అవసరమవుతాయి. ఇది ఒకసారి ఆసుపత్రిలో చేరి బిల్లు కట్టి వస్తే తీరే జబ్బు కాదు. నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి ఖర్చు. పాలసీలో ఏడాదికింతని ఒక మొత్తం ఉంటుంది. కొత్త చికిత్సలకు దానిలోనే మళ్లీ విడిగా పరిమితి పెట్టవచ్చు. రైలు చార్జీలు, పోయిన కూలి ఎవరూ ఇవ్వరు. కొడుకు ఉద్యోగం పోతే కంపెనీ ఇచ్చిన గ్రూప్ బీమా కూడా పోతుంది.

కాబట్టి బీమా ఉండాలి, కానీ అదొక్కటే చాలదు. బీపీఎల్ కార్డున్న కుటుంబానికి ఆయుష్మాన్ భారత్ ఆరోగ్య కర్ణాటక కింద ఏడాదికి 5 లక్షల వరకు చికిత్స దొరుకుతుంది. బెంగళూరులో ప్రభుత్వ కిద్వాయ్ ఆసుపత్రి ఉంది. డాక్టర్‌ను కలిసినప్పుడు "మా నాన్న గనిలో ఇన్నేళ్లు పనిచేశారు" అని మొదటే చెప్పండి. టీబీ మందులతో దగ్గు తగ్గకపోతే ఇంకేం పరీక్షలు చేయాలో అడగండి. పాత పని కాగితాలు, ఎక్స్‌రేలు పారేయకండి.

సంఘంగా మనం అడగాల్సింది ఇంకొకటి ఉంది. గని ఇచ్చిన జబ్బు బీమా ఫారంలోకి వచ్చేసరికి "ముందే ఉన్న జబ్బు" అయిపోతుంది, ఆ మనిషి సొంత లోపం అన్నట్టు. బంగారం దేశానికి, ధూళి కార్మికుడికి, బిల్లు అతని కొడుక్కి. ఇది న్యాయమా? రాజస్థాన్ ప్రభుత్వం 2019లో ఒక విధానం తెచ్చింది. సిలికోసిస్ ఉందని ధ్రువీకరించిన కార్మికుడికి 3 లక్షలు, మరణిస్తే కుటుంబానికి 2 లక్షలు ఇస్తామంది. కేజీఎఫ్ పాత కార్మికులందరికీ ఉచితంగా ఊపిరితిత్తుల పరీక్ష చేయించాలని, జబ్బున్నవారికి ధ్రువపత్రం, పరిహారం ఇవ్వాలని మనమూ అడగాలి. అది దానం కాదు, బాకీ.

మంచి సమరయుడు గాయపడినవాణ్ణి సత్రానికి చేర్చి, చేతిలో ఉన్నది ఇచ్చి, ఇంకేమైనా ఖర్చయితే తిరిగి వచ్చినప్పుడు తీరుస్తానన్నాడు. ఇంతవరకే అని పరిమితి పెట్టలేదు. ఈ వారం మీ వీధిలో దగ్గుతున్న ఒక పాత గని కార్మికుడి ఇంటికి వెళ్లండి. ఆయన కాగితాలు ఒక ఫైలులో పెట్టి, ఆసుపత్రికి తోడు వెళ్లండి. మన పని అక్కడ మొదలవుతుంది.