ఎన్ని? ఎంత?

"లెక్కపెట్టగలిగితే మెనీ, లేకపోతే మచ్." ఈ మంత్రం బట్టీపట్టలేక "హౌ మెనీ మిల్క్" అని రాసిన పిల్లాడికి ఎర్రసిరా గీతతో సరిపెడితే బాగుండును. పైన "తెలుగు బుర్ర" అని బిరుదు కూడానా!

ఏమండీ, మా పలాస బజారులో "జీడిపప్పు ఎంత కావాలి? పొట్లాలు ఎన్ని కట్టమంటారు?" అని అడిగే కొట్టువాడు ఏ గ్రామరు చదివాడు? ఎన్ని-ఎంత, కొన్ని-కొంత మనకి ఉగ్గుపాలతో వచ్చినవే. మనుషులకైతే "ఎందరు" అని ప్రత్యేకం. ఇంగ్లీషుకి ఆ మర్యాదా లేదు!

మరి పిల్లాడెందుకు తప్పాడు? పాలు, నీళ్లు మనకి బహువచనాలు. "పాలు విరిగాయి" అంటాం గాని "విరిగింది" అనం. ఆ "లు" చూసి మెనీ వేశాడు. అది మొద్దుతనం కాదు, తర్కం. "ఇంగ్లీషులో పాలకి బహువచనం లేదు నాయనా" అని తెలుగులో ఒక్క ముక్క చెబితే జన్మలో మరవడు. కాని కొన్ని బళ్లలో క్లాసులో తెలుగు మాట్లాడితేనే జరిమానాయె!

శ్రీకాకుళం సీమలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులుగారు సవర పిల్లలకి సవరలోనే చదువు చెప్పాలని, ఆ భాష నేర్చుకుని మరీ వాచకాలు రాశారు. ఆయన పుట్టినరోజని ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేసి, 30న జరిమానా పుస్తకం తెరవడం ఏం న్యాయం? దండలు ఎన్ని వేశారని కాదు, బుద్ధి ఎంత వచ్చిందని అడగాలి.