చిత్తుప్రతినాడే పలుకవలెను

చట్టము శాసనసభలోనే రూపొందునని మనలో పెక్కురి భ్రమ. తెలంగాణ భూచట్టముల నడక వేరు పాఠము చెప్పుచున్నది. 2020 సెప్టెంబరు 9న సభకు వచ్చిన భూహక్కుల, పట్టాదారు పాసుపుస్తకముల బిల్లు 11వ తేదీననే శాసనసభ ఆమోదము పొందినది. 2024 డిసెంబరు 18న వచ్చిన భూభారతి బిల్లును సభ 20న ఆమోదించినది. సభ తీసికొన్న కాలము రెంటికిని ఒక్కటే.

మరి భేదమెక్కడ? భూభారతి చిత్తుప్రతిని ప్రభుత్వము ఆగస్టులోనే ప్రజలముందుంచి అభిప్రాయములు కోరినది. మొదటిదానికా భాగ్యము లేదు. 2020 చట్టమున రెవెన్యూ అధికారులకు అప్పీలు చేసికొను మార్గము మూసికొనిపోగా, పాసుపుస్తకమున తప్పుపడిన రైతు సివిలు కోర్టు గడపలు త్రొక్కెను. 2024 చట్టమున ఆ అప్పీలు మరల వచ్చినది.

పొలములేని మల్కాజ్‌గిరివారికి ఇది యేల యందురా? రేపు ఇంటిపన్ను బిల్లైనను, కాలువల బిల్లైనను ఈ త్రోవనే వచ్చును. రెండు దినముల సభలో మన మాటకు చోటెక్కడ? చిత్తుప్రతి వెలువడిననాడే పఠనమందిరమున కూర్చుండి చదువుడు. సెక్షను వారీగా ఆక్షేపణలు వ్రాసి శాఖకును, మన శాసనసభ్యునికిని పంపుడు. చిత్తుప్రతినే వెలువరింపని ప్రభుత్వమును ముందుగా అదియే అడుగుడు. చట్టమైన పిదప నియమములను వ్రాయునది శాఖయే, అప్పుడును ఊరకుండరాదు. బిల్లు చట్టమైన మరునాడు చేయు సభలకన్న, ముందుగా వ్రాసిన ఒక్క విన్నపము మేలని మా దృఢాభిప్రాయము.